ఏ కాలేజీ మంచిది? పల్నాడు నుంచి ఒక సమీక్ష

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చిన రోజు నుంచి వెబ్ ఆప్షన్ల గడువు ముగిసేదాకా నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసిన పిల్లలున్న ఇళ్లలో ఒకటే మాట నలుగుతుంది: ఏ కాలేజీకి పేరుంది? మేనమామను అడుగుతారు, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న పెదనాన్న కొడుకును అడుగుతారు, ఇంటర్లో లెక్కలు చెప్పిన సారును అడుగుతారు, ఆప్షన్లు పెట్టే నెట్ సెంటర్ అబ్బాయిని కూడా అడుగుతారు. అందరూ ఏదో ఒక పేరు చెబుతారు. ఆ పేరు వాళ్లదాకా ఎలా వచ్చిందో ఎవరూ అడగరు. నాలుగేళ్ల చదువును, కొన్ని ఇళ్లలో అరెకరమో ఎకరమో పొలాన్ని ఆ పేరు మీద పెడుతున్నాం. అందుకే పేరు ఎక్కడ పుడుతుంది, అందులో నిజమెంత, దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు అన్నది నిదానంగా చూడవలసిన విషయం.

మొదట ఒక ముడి విప్పుకోవాలి. నరసరావుపేట చుట్టూ ఉన్న ప్రైవేటు కాలేజీలు, ఎల్లమంద దగ్గర 1998లో మొదలైన నరసరావుపేట ఇంజినీరింగ్ కాలేజీ గానీ, జొన్నలగడ్డ వైపున్న తిరుమల గానీ, పెట్లూరివారిపాలెం దగ్గరి ఏఎం రెడ్డి గానీ, కాకినాడ జేఎన్‌టీయూకు అనుబంధ కళాశాలలు. పట్టా మీద ఉండేది ఆ విశ్వవిద్యాలయం పేరే. గుంటూరు పక్కన చౌడవరంలో 1985 నుంచి నడుస్తున్న ఆర్వీఆర్ అండ్ జేసీ ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది. నరసరావుపేటలోనే 2016లో కాకినాడ జేఎన్‌టీయూ సొంతంగా పెట్టిన ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. వడ్లమూడి విజ్ఞాన్, వడ్డేశ్వరం కేఎల్ డీమ్డ్ విశ్వవిద్యాలయాలు. 2017లో అమరావతికి వచ్చిన విట్, ఎస్ఆర్ఎం ప్రైవేటు విశ్వవిద్యాలయాలు. వీటి సిలబస్, పరీక్ష, పట్టా అన్నీ వీటివే. అనుబంధ కాలేజీల్లో కూడా స్వయంప్రతిపత్తి ఉన్నవి తమ ప్రశ్నపత్రాలు తామే తయారు చేసుకుంటాయి, లేనివి విశ్వవిద్యాలయం ఇచ్చిన పత్రం రాయిస్తాయి. కాబట్టి ఒకే విశ్వవిద్యాలయం పేరు మీద నేల మీద ఉన్నవీ నింగిలో ఉన్నవీ రెండు రకాల కాలేజీలూ ఉంటాయి. కాకినాడ జేఎన్‌టీయూ మంచిదా కాదా అని అడిగితే మన పిల్లవాడికి పనికొచ్చే జవాబు రాదు. ఫలానా కాలేజీలో ఫలానా బ్రాంచి ఎలా ఉంది అని అడిగితేనే ఏదైనా తెలుస్తుంది. రెండు కాలేజీల పాస్ శాతాలు పక్కపక్కన పెట్టి చూడటం కూడా, ఒకటి స్వయంప్రతిపత్తిది, ఇంకొకటి కానిది అయితే, తప్పుదారి పట్టిస్తుంది.

పేరుకు పాత మూలం వయసు. 1946లో మొదలైన రెండు ఇంజినీరింగ్ కాలేజీలు కాకినాడలోనూ అనంతపురంలోనూ స్థిరపడ్డాయి. 1959లో వరంగల్‌లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది, అదే నేటి ఎన్ఐటీ. 1965లో హైదరాబాదులో పెట్టిన కాలేజీకి నాగార్జునసాగర్ ఇంజినీరింగ్ కాలేజీ అని పేరు పెట్టారు, 1972లో జేఎన్‌టీయూ ఏర్పడ్డాక అది అందులో భాగమైంది. ఆనకట్ట మాచర్ల పక్కన కట్టారు, దాని పేరున్న కాలేజీ రాజధానిలో వెలిసింది. ఆ రోజుల్లో పల్నాడు పిల్లవాడు ఇంజినీరు కావాలంటే కాకినాడో విశాఖో వెళ్లాలి, సీటు రాకపోతే, చేతిలో డబ్బుంటే, డొనేషన్ కట్టి కర్ణాటకకు పోవాలి. 1977లో విజయవాడలో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ కాలేజీతో ప్రైవేటు ఇంజినీరింగ్ మొదలైంది. 1980లో కేఎల్, 1981లో బాపట్ల, 1985లో ఆర్వీఆర్ వచ్చాయి. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1983లో చట్టం వచ్చింది, 1986లో నేటి ఈఏపీసెట్‌కు ముందు రూపమైన ఎంసెట్ వచ్చింది. ఈ మొదటి తరం కాలేజీల్లో చదివినవాళ్లు ఇప్పుడు కంపెనీల్లో పెద్ద కుర్చీల్లో ఉన్నారు. తమ కాలేజీకి ఒక మాట సాయం చేయగల స్థితిలో ఉన్నారు. అది ఉత్త మాట కాదు. పాత కాలేజీకి కంపెనీలు ఏటా రావడానికి అది ఒక కారణం.

1990ల చివరి నుంచి వచ్చిన వరద వేరు. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైంది. పేదింటి పిల్లలకు తలుపు తెరిచిన మంచి పథకం అది, నేను దాన్ని తక్కువ చేయను. కానీ ఫీజు ప్రభుత్వం కడుతుందన్న ధీమాతో కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఉమ్మడి రాష్ట్రం విడిపోయే ముందు వాటి సంఖ్య ఏడు వందల దాకా పోయింది. అన్నిటికీ పేరు సంపాదించుకునే తీరిక లేదు. అందుకే పేరు అనే పని హోర్డింగులకు, బస్సుల వెనక ఫ్లెక్సీలకు, పీఆర్వోలకు అప్పగించారు. అడ్మిషన్ల కాలంలో పాఠం చెప్పవలసిన లెక్చరర్‌ని జాబితా చేతికిచ్చి ఊళ్ల మీదికి పంపే కాలేజీలు ఉన్నాయి. మీ ఇంటి గుమ్మంలో నిలబడ్డ ఆ మనిషి చెప్పే మాటకు, అతనికి ఇచ్చిన టార్గెట్‌కు ఉన్న సంబంధం మరిచిపోకూడదు.

వీటన్నిటి కంటే ఇళ్లలో ఎక్కువ బరువు మోసేది చివరి ర్యాంకు. నిరుడు ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీలో, అబ్బాయికి ఎంత ర్యాంకు దాకా, అమ్మాయికి ఎంత దాకా సీటు వచ్చిందన్న పట్టిక అందరికీ దొరుకుతుంది. మన ర్యాంకుకు దగ్గరగా ఉన్నవాటిని వరసగా రాసుకుంటాం. ఇది చాలా తెలివైన పద్ధతిలా కనిపిస్తుంది, సీటు ఎక్కడ వస్తుందో అంచనా వేయడానికి నిజంగా పనికొస్తుంది కూడా. కానీ కాలేజీ మంచిదని చెప్పడానికి అది సాక్ష్యం కాదు. నిరుడు పిల్లలు ఆ కాలేజీని ఎందుకు ఎంచుకున్నారు? ముందటేడాది చివరి ర్యాంకు చూసి. వాళ్లు? ఆ పైయేడాది చూసి. ఒకసారి పేరు పడ్డ కాలేజీకి మంచి ర్యాంకు పిల్లలు వస్తారు, మంచి ర్యాంకు పిల్లలు వచ్చారు కాబట్టి మంచి ఉద్యోగాలు వస్తాయి, ఆ ఉద్యోగాలు చూసి మళ్లీ మంచి ర్యాంకులు వస్తాయి. ఈ చక్రంలో కాలేజీ లోపల ఏం జరిగింది అన్న ప్రశ్నకు చోటే లేదు. అయిదు వేల ర్యాంకు పిల్లవాడు ఎక్కడ చదివినా బాగుపడే అవకాశం ఎక్కువ. నిజంగా తెలియవలసింది, ఎనభై వేల ర్యాంకుతో గురజాల నుంచి వచ్చిన పిల్లను ఏ కాలేజీ ఏ స్థితిలో బయటికి పంపుతోంది అన్నది. పల్నాడు నుంచి వెళ్లే పిల్లల్లో ఎక్కువ మంది ఈ రెండో రకం వాళ్లే. పేరు మాత్రం మొదటి రకం వాళ్ల మీద నిలబడి ఉంది.

పేరును కొలవడానికి ప్రభుత్వం పెట్టిన సాధనాలు కొన్ని ఉన్నాయి. న్యాక్ 1994 నుంచి ఉంది. మొత్తం సంస్థను చూసి గ్రేడు ఇస్తూ వచ్చింది, 3.51 నుంచి 4 దాకా వస్తే ఏ డబుల్ ప్లస్, 3.26 నుంచి 3.50 దాకా ఏ ప్లస్, ఇలా. మీ అమ్మాయి చేరబోయే ఈసీఈ ల్యాబ్‌లో పరికరాలు పనిచేస్తున్నాయో లేదో ఆ గ్రేడు చెప్పదు. పైగా దాని విశ్వసనీయత 2025 ఫిబ్రవరిలో గట్టిగా దెబ్బతింది. గుంటూరు జిల్లాలోనే ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయానికి ఏ డబుల్ ప్లస్ కోసం లంచం ఇచ్చారని, పుచ్చుకున్నారని ఆరోపిస్తూ సీబీఐ ఆ సంస్థ వాళ్లతో పాటు న్యాక్ తనిఖీ బృందం సభ్యులను కూడా అరెస్టు చేసింది. నేరం జరిగిందో లేదో తేల్చవలసింది కోర్టు. కానీ ఆ వార్త వచ్చాక గ్రేడును కళ్లు మూసుకుని నమ్మమని ఏ తండ్రికీ నేను చెప్పలేను.

ఎన్‌బీఏ గుర్తింపు నా దృష్టిలో దానికంటే ఉపయోగకరం. ఎందుకంటే అది కాలేజీకి కాదు, బ్రాంచికి ఇస్తారు. అదీ మూడేళ్లకో ఆరేళ్లకో గడువు పెట్టి ఇస్తారు. కాలేజీ గేటు మీద ఎన్‌బీఏ అని రాసి ఉన్నా, మీరు చేరే ఏఐ అండ్ ఎంఎల్ బ్రాంచికి అది లేకపోవచ్చు, ఉన్నదాని గడువు దాటిపోయి ఉండవచ్చు. ఎన్‌బీఏ వెబ్‌సైటులో కాలేజీ పేరు కొట్టి చూస్తే అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. ఇందులో టైర్ 1, టైర్ 2 అని రెండు తరగతులు ఉన్నాయన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. 2014లో భారతదేశం వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యురాలైంది, అంటే మన ఇంజినీరింగ్ పట్టాను ఇతర సభ్య దేశాలు సమానంగా చూస్తాయి. అయితే ఆ సమానత్వం టైర్ 1 గుర్తింపు ఉన్న కోర్సులకే వర్తిస్తుంది. స్వయంప్రతిపత్తి లేని అనుబంధ కాలేజీలకు వచ్చేది టైర్ 2.

ర్యాంకుల విషయానికి వస్తే, కేంద్రం 2016 నుంచి ఎన్ఐఆర్ఎఫ్ జాబితాలు విడుదల చేస్తోంది. ఇంజినీరింగ్‌లో బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు 30, పట్టభద్రుల ఫలితాలకు 20, అన్ని వర్గాలకూ అవకాశం ఇవ్వడానికి 10, నలుగురిలో ఉన్న అభిప్రాయానికి 10. పరిశోధనకు ఇచ్చిన బరువు గమనించండి. ఒక కాలేజీ వందల పరిశోధన పత్రాలు ప్రచురించి పైకి ఎక్కవచ్చు, మీ పిల్లవాడికి సీ ప్రోగ్రామింగ్ నేర్పే మాస్టారు ఆ పత్రాలు రాసినవాడు కానవసరం లేదు. ఇక ర్యాంకుల మీద గొడవ మనకే పరిమితం కాదు. 2020లో ఏడు పాత ఐఐటీలు లెక్కల్లో పారదర్శకత లేదంటూ టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ ర్యాంకులను బహిష్కరించాయి. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో మైకేల్ థాడియస్ అనే గణితాచార్యుడు, తన సంస్థే యూఎస్ న్యూస్ పత్రికకు ఇచ్చిన అంకెలు సరిగా లేవని 2022లో బయటపెట్టాడు. ఆ ఏడాదే అది 2వ స్థానం నుంచి 18వ స్థానానికి జారింది. అక్కడ చదువు ఒక్క ఏడాదిలో పదహారు మెట్లు దిగజారలేదు కదా, దిగజారింది కాగితం మీది లెక్క.

అలాగని ర్యాంకును తీసి పారేయలేం. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో పూచీ లేకుండా అప్పు ఇచ్చే సంస్థల జాబితాను ఎన్ఐఆర్ఎఫ్ ఆధారంగానే తయారు చేశారు. ఇప్పుడు ర్యాంకు అంటే బ్యాంకు తలుపు కూడా.

ఎన్ఐఆర్ఎఫ్‌లో నాకు అసలు విలువైనదిగా కనిపించేది ర్యాంకు కాదు, ఆ ర్యాంకు కోసం కాలేజీలు సమర్పించే సమాచార పత్రం. అందులో ఒక బ్యాచ్‌లో ఎంతమందిని చేర్చుకున్నారు, వాళ్లలో నాలుగేళ్లలోనే ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఎంతమంది పై చదువుకు వెళ్లారు, మధ్యస్థ జీతం ఎంత అని వరసగా ఉంటుంది. పాల్గొన్న కాలేజీ దాన్ని తన వెబ్‌సైటులో పెట్టాలి. కాలేజీ వెబ్‌సైటు అడుగున చిన్న అక్షరాల్లో ఎన్ఐఆర్ఎఫ్ అనే లింకు ఉంటుంది, మొదటి పేజీలో నవ్వుతున్న ఫొటోలు వదిలేసి నేరుగా అక్కడికి వెళ్లండి. ఫ్లెక్సీ మీద ఉండేది హైయెస్ట్ ప్యాకేజీ. అది ఒక్క విద్యార్థిది. ఆ పక్కన ఉండే ప్లేస్‌మెంట్ల సంఖ్య చాలాసార్లు ఆఫర్లది, మనుషులది కాదు. ఒకే అమ్మాయికి మూడు కంపెనీల ఆఫర్లు వస్తే మూడు అని రాస్తారు. మధ్యస్థ జీతం అంటే ఉద్యోగం వచ్చినవాళ్లందరినీ జీతం ప్రకారం వరసగా నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి జీతం. గుంటూరు యార్డులో మిర్చి కొనే వ్యాపారి టిక్కీ మూతి దగ్గర కాయలు చూసి ధర కట్టడు, చెయ్యి లోపలికి పోనిచ్చి నడుమ సరుకు తీసి చూస్తాడు. ఫీజు కట్టే రైతు కూడా అంతే హక్కుతో నడుమ సరుకు చూపించమని అడగాలి.

ఉదాహరణకు ఒక కాలేజీ పత్రంలో 600 మంది చేరారని, 420 మంది నాలుగేళ్లలో బయటపడ్డారని, 250 మందికి ఉద్యోగం వచ్చిందని ఉందనుకుందాం. కాలేజీ ప్రచారం పాసైనవాళ్లలో దాదాపు 60 శాతానికి ఉద్యోగాలు అంటుంది. కానీ మన పిల్ల చేరేటప్పుడు ఆ 600 మందిలో ఒకతి. లెక్క 600 మీద కట్టాలి. అప్పుడది 42 శాతం దాటదు. పాసవకుండా మిగిలిన 180 మంది బ్యాక్‌లాగ్‌లతో ఎక్కడ ఆగిపోయారన్నది నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే ప్రశ్న. మొదటి సంవత్సరం లెక్కల పేపరు, సీ పేపరు దాటలేక వెనకబడేది ఎక్కువగా ప్రభుత్వ జూనియర్ కాలేజీల నుంచి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలే. వాళ్లకు సాయంత్రం అదనంగా ఒక గంట కూర్చోబెట్టి పాఠం చెప్పే కాలేజీ, పేరు లేకపోయినా, వాళ్ల పాలిట మంచి కాలేజీ.

అది చెప్పేది మాస్టార్లు. పేరు గురించిన చర్చలో అందరికంటే తక్కువగా వినిపించేది వాళ్ల ఊసే. ఏఐసీటీఈ లెక్క ప్రకారం ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. అంటే 60 సీట్ల ఒక్క సెక్షను నాలుగేళ్లకు కలిపి 240 మంది, పన్నెండు మంది మాస్టార్లు. 2024-25 నుంచి బాగా నడుస్తున్న కాలేజీలకు సీట్ల మీద పరిమితిని ఏఐసీటీఈ ఎత్తేసింది. సీఎస్‌ఈ, దాని పిల్ల బ్రాంచీలు కలిపి ఏటా 600 సీట్లు నడిపే కాలేజీకి ఆ లెక్కన ఒక్క ఆ విభాగంలోనే 120 మంది కావాలి. ఇంతమంది చదువు చెప్పగల వాళ్లు ఒక్కసారిగా ఎక్కడి నుంచి వస్తారు? విశ్వవిద్యాలయం ర్యాటిఫై చేసిన అధ్యాపకులు ఎంతమంది, మిగిలినవాళ్లు నిరుడే బీటెక్ పాసైన పిల్లలా అన్నది అడిగి తీరాలి. తమిళనాడులో అరప్పోర్ ఇయక్కం అనే పౌర సంస్థ 2024లో, అన్నా విశ్వవిద్యాలయం అనుబంధ కాలేజీల్లో వందల మంది అధ్యాపకుల పేర్లు ఒకటికంటే ఎక్కువ కాలేజీల జాబితాల్లో ఉన్నాయని బయటపెట్టింది. తనిఖీ కమిటీ వచ్చిన రోజు కుర్చీలో ఉన్న మనిషి మర్నాడు ఉంటాడన్న నమ్మకం లేదు. నరసరావుపేటలోని ప్రభుత్వ కాలేజీకి ఈ బాధ ఇంకో రూపంలో ఉంటుంది. రాష్ట్రంలో విశ్వవిద్యాలయ పోస్టుల భర్తీ ఏళ్ల తరబడి ఆగిపోవడంతో ప్రభుత్వ కాలేజీలు కూడా చాలావరకు కాంట్రాక్టు అధ్యాపకుల మీద నడుస్తున్నాయి.

విద్యకు పేరెలా వస్తుందో మన నేలకు తెలియని సంగతి కాదు. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల విజయపురి, అంటే మాచర్ల దాటి కృష్ణ ఒడ్డున ఉన్న నాగార్జునకొండ లోయ, బౌద్ధ విద్యకు దేశదేశాల్లో పేరు మోసింది. వీరపురుషదత్తుడి కాలంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం ఒకటి అక్కడ దొరికింది. కాశ్మీరం, గాంధారం, చైనా, వంగం, వనవాసి, ద్రమిళ దేశం, ఇలా వరసగా పేర్లు చెప్పి, ఆ ప్రాంతాల వారికి ధర్మం బోధించిన సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించినట్టు అందులో ఉంది. ఆ ఆచార్యులకు ఉన్న గుర్తింపు వాళ్లు ఎవరికి ఏం చెప్పారన్నదే. ఈనాటి కాలేజీ బ్రోచరులో ఏసీ సెమినార్ హాలు ఫొటో ఉంటుంది, డేటా స్ట్రక్చర్స్ ఎవరు చెబుతారో ఆ పేరు ఉండదు.

పేరున్న చోట చదివితే నిజంగా లాభమా అన్నదాని మీద పరిశోధకులు బాగానే శ్రమపడ్డారు. అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రసిద్ధం. గొప్ప కాలేజీలో సీటు వచ్చి కూడా మామూలు కాలేజీలో చేరినవాళ్లను, గొప్ప కాలేజీలోనే చేరినవాళ్లను పోల్చి చూస్తే తర్వాతి సంపాదనలో పెద్ద తేడా కనబడలేదు. అంటే తేడా చాలావరకు పిల్లల్లో ఉంది, కాలేజీలో కాదు. కానీ వాళ్లే గమనించిన ఇంకో సంగతి మనకు ముఖ్యం. పేద ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ లాభం చేసింది. తరువాతి పరిశీలనలో, తల్లిదండ్రులకు పెద్దగా చదువులేని పిల్లల్లో కూడా అదే కనబడింది. భారతదేశంలో డిగ్రీ కాలేజీల మీద వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన షీతల్ సేఖ్రీ చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. పేరున్న ప్రభుత్వ కాలేజీలో కటాఫ్ మీద కొద్దిలో సీటు దక్కినవాళ్లకు, కొద్దిలో తప్పినవాళ్ల కంటే జీతాలు ఎక్కువగా ఉన్నాయి, చివరి పరీక్షల మార్కుల్లో మాత్రం తేడా లేదు. చదువు పెరగలేదు, జీతం పెరిగింది. అది పేరుకు దక్కిన ధర.

ఈ రెండూ కలిపి చదివితే పల్నాడుకు ఒక మాట స్పష్టంగా వస్తుంది. నాన్న ఇంజినీరు, బాబాయి హైదరాబాదులో మేనేజరు అయిన ఇంటి పిల్లవాడికి కాలేజీ పేరు తప్పనిసరి కాదు, వాళ్లింటికే పరిచయాలు ఉన్నాయి. కారంపూడి పక్క పల్లెలో పత్తి వేసే ఇంటి పిల్లకు ఆ పరిచయాలు లేవు, ఆమెకు కంపెనీ గేటు దాకా తీసుకుపోయేది కాలేజీ పేరే. కాబట్టి పేరు గురించి పట్టించుకోవద్దని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. పట్టించుకోవలసింది ముఖ్యంగా మనమే. కాకపోతే ఆ పేరు కంపెనీలు గుర్తించిన పేరా, హోర్డింగు మీది పేరా అన్నది తేల్చుకోవాలి. గత మూడేళ్లలో ఏ కంపెనీలు వచ్చాయి, ఎంతమందిని తీసుకున్నాయి, ఏ బ్రాంచి నుంచి తీసుకున్నాయి? ఒక్క బ్యాచ్‌కు వచ్చి మళ్లీ రాని కంపెనీ లెక్కలోకి రాదు.

బ్రాంచి ముఖ్యమా, కాలేజీ ముఖ్యమా అన్న పాత తగువు కూడా ఇక్కడే తేలాలి. ఇవాళ అందరూ సీఎస్‌ఈ వైపే చూస్తున్నారు. ఫలితంగా కాకినాడ, విశాఖ ప్రభుత్వ కాలేజీల్లో సివిల్, మెకానికల్ సీట్లు, ఒకప్పుడు ఊహించలేని ర్యాంకులకు దొరుకుతున్నాయి. అదే ర్యాంకుకు ఊరి దగ్గర చిన్న కాలేజీలో సీఎస్‌ఈ వస్తుంది. మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ 1958 నుంచి నడుస్తోంది. సున్నపురాయి ఉన్నంత మేర, పిడుగురాళ్ల, దాచేపల్లి చుట్టూ, కిల్న్‌లకు, మిల్లులకు, సబ్‌స్టేషన్లకు మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లు కావాలి. ఆ పనిలో ఆసక్తి ఉన్న పిల్లవాడికి నేనైతే పాత ప్రభుత్వ కాలేజీలో కోర్ బ్రాంచినే సూచిస్తాను. కంప్యూటర్ మీదే మనసున్న పిల్లను మెకానికల్‌లో కూర్చోబెట్టడం మాత్రం, కాలేజీ ఎంత గొప్పదైనా, నాలుగేళ్ల శిక్ష.

డబ్బు, దూరం లేకుండా ఈ నిర్ణయాలు ఎవరింట్లోనూ జరగవు. కన్వీనర్ కోటాలో ప్రైవేటు కాలేజీ ఫీజును రాష్ట్ర ఉన్నత విద్యా నియంత్రణ కమిషన్ కాలేజీ జమాఖర్చులు చూసి నిర్ణయిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాకు రీయింబర్స్‌మెంట్ లేదు. డీమ్డ్, ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో సొంత పరీక్ష రాసి చేరితే ఏడాదికి లక్షల్లోనే మాట. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కూలి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేయవలసి వచ్చిన ఏడాది, అలాంటి ఫీజు ఒప్పుకున్న రైతు పరిస్థితి ఊహించండి. పేరున్న చోట మేనేజ్‌మెంట్ సీటుకు అప్పు చేయడం కంటే ఒక మెట్టు కింది కాలేజీలో కన్వీనర్ సీటు తీసుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. ఆ పేరు తెచ్చే లాభం ఆ వడ్డీని మించుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

దూరం ఎక్కువగా ఆడపిల్లల మీద పడుతుంది. మాచర్ల నుంచి గుంటూరు రోజూ వచ్చి పోయే దూరం కాదు, హాస్టల్లో పెట్టాలంటే ఇంట్లో పెద్దలు వెనకాడతారు. సీట్లలో మూడో వంతు అమ్మాయిలకు కేటాయింపు ఉంది, అదే కాలేజీలో అబ్బాయి కంటే వెనక ర్యాంకుకు సీటు రావచ్చు. ఆ అవకాశాన్ని ఊరు దాటనివ్వం అన్న ఒక్క మాటతో చాలామంది వదులుకుంటున్నారు. కాలేజీ పేరు మీద వేసే ప్రశ్నల్లో సగం హాస్టల్ మీద వేస్తే ఈ భయం కొంత తీరుతుంది: వార్డెన్ రాత్రి అక్కడే ఉంటారా, పరీక్షల ముందు లైబ్రరీ ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది, చివరి బస్సు ఎప్పుడు? ఏటి అవతలి దారి కూడా మూసుకుపోయింది. విభజన తర్వాత పదేళ్లు సాగిన ఏర్పాటు ముగిసి, 2025 నుంచి తెలంగాణ తన కాలేజీల్లో 15 శాతం అన్‌రిజర్వుడ్ సీట్లను మన పిల్లలకు అందకుండా చేసింది. సాగర్ మీదుగా హైదరాబాదు దగ్గరనుకునే మాచర్ల పిల్లలకు ఇది పెద్ద లోటు.

బీటెక్ తర్వాత అమెరికా ఆలోచన ఉన్న ఇళ్లు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు అక్కడి విద్యార్థుల్లో ఎక్కువ మంది తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టిన ఫొటోలు మన పత్రికల్లో వచ్చాయి. దాన్ని నడిపిన మహిళకు 2014లో పదహారేళ్లకు పైగా జైలు శిక్ష పడింది. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బాగోతం బయటపడింది. అది వలసల నేరాలు పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వమే పెట్టిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం, గుర్తింపు సంస్థ జాబితాలో కూడా దాని పేరు చేర్చారు. విద్యార్థులను చేర్చిపెట్టినందుకు అరెస్టయిన ఎనిమిది మందిలో తెలుగువాళ్లున్నారు. తెలిసినవాళ్లు చెప్పారు, జాబితాలో ఉంది అన్న రెండు భరోసాలూ ఒకేసారి కూలిపోయిన సందర్భం అది. సొంత ఊరివాడు కమిషన్ తీసుకుని పేరు చెప్పవచ్చన్న అనుమానం నరసరావుపేటలోనూ ఉంచుకోవడం తప్పు కాదు.

మరి కాలేజీకి స్వయంగా వెళ్లి చూస్తే? తప్పక వెళ్లాలి. కానీ ఓరియంటేషన్ రోజున కాదు, మామూలు బుధవారం మధ్యాహ్నం వెళ్లాలి. ప్రిన్సిపాల్ గదికి కాదు, క్యాంటీన్‌కి, బస్సు స్టాపుకి వెళ్లాలి. మూడో సంవత్సరం పిల్లల్లో రెండు మూడు బ్యాక్‌లాగ్‌లు ఉన్న అబ్బాయితో మాట్లాడాలి. కాలేజీ నీకోసం ఏం చేసిందని అడిగితే అతను చెప్పేదాంట్లో టాపర్ మాటల కంటే ఎక్కువ సమాచారం ఉంటుంది. ల్యాబ్‌లో ఒక్కో ప్రయోగానికి ఎంతమంది నిలబడతారు, ఈ ఏడాది మధ్యలో ఎంతమంది మాస్టార్లు మారారు, మినీ ప్రాజెక్టు సొంతంగా చేస్తారా, బయట కొంటారా? 2016లో పెట్టిన ప్రభుత్వ కాలేజీ లాంటి కొత్త సంస్థలను అంచనా వేయడానికి వేరే దారే లేదు. దాని మొదటి బ్యాచ్ 2020లో, కొవిడ్ నడిమధ్యన బయటికి వచ్చింది. పాత విద్యార్థుల బలగం ఏర్పడటానికి ఇంకా పదేళ్లు పట్టవచ్చు. అంతదాకా దానికి పేరు లేదనడం అన్యాయం, ఉందనడం తొందరపాటు.

అయితే ఇంత శ్రమ ఒక్కో కుటుంబం విడివిడిగా పడవలసిన అవసరం ఏముంది? ప్రతి విద్యార్థి ఈఏపీసెట్ ర్యాంకు ఉన్నత విద్యామండలి దగ్గర ఉంది. ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కోటాలో చేరాడో కన్వీనర్ దగ్గర ఉంది. ప్రతి సెమిస్టర్ ఫలితం విశ్వవిద్యాలయం దగ్గర ఉంది. ఎవరి ఫీజు ఎంత కట్టిందో ప్రభుత్వానికి పైసాతో సహా తెలుసు. ఈ నాలుగూ కలిపితే చాలు, పేర్లు లేకుండా, ప్రతి కాలేజీలో ప్రతి బ్రాంచికి ఒక పట్టిక తయారవుతుంది: పది వేల లోపు, యాభై వేల లోపు, లక్ష లోపు, ఆ పైన ర్యాంకులతో చేరినవాళ్లలో నాలుగేళ్లలో పాసైంది ఎంతమంది, ఏడాది ఆలస్యంగా ఎంతమంది, మధ్యలో మానేసింది ఎంతమంది. ప్రజల డబ్బుతో ఫీజు కట్టే ప్రభుత్వానికి ఈ పట్టిక అడిగే హక్కూ, ప్రచురించే బాధ్యతా ఉన్నాయి. చివరి ర్యాంకుల పట్టిక పెట్టే చోటే, దాని పక్క నిలువు వరుసలోనే, వెబ్ ఆప్షన్లు తెరుచుకోక ముందే దీన్ని పెట్టవచ్చు. గురజాల నుంచి ఎనభై వేల ర్యాంకుతో వచ్చిన పిల్ల తన వరుస మీద వేలు పెట్టి, తనలాంటి వాళ్లు అక్కడ ఏమయ్యారో చూసుకున్నాకే ఆప్షన్ నొక్కుతుంది.